కూర్చుండి లెక్క చూచుట
(ధ్యానభాగము: లూకా 14:28–30)



"అయ్యగారూ, ఇంకెన్నాళ్లు కూలికి పోవాలె? సొంతంగ పని పెట్టుకుంట, ప్రార్థన చేయుండ్రి." ఈ మాట మేము తరచుగా వినుచున్నాము. సిరిసిల్లలో సాంచాల మీద కూలికి నేయువాడు నాలుగు సాంచాలు కొని ఆసామి కాగోరును. జగిత్యాలలో మేస్త్రి చేతిక్రింద పనిచేయువాడు తానే ఒక యిల్లు గుత్తకు పట్టగోరును. కోరుట్లలో ఒకరి ఆటో నడుపువాడు అప్పుచేసి తన ఆటో కొనగోరును. ఈ కోరిక పాపము కాదు. యాకోబు సయితము మామ మందలను ఎన్నో యేండ్లు కాచి, ఇక తన యిల్లు తాను చూచుకొనవలెనని తలంచెను (ఆది. 30:30).

కొన్ని యేండ్ల క్రిందట ఒక యౌవనస్థుడు ఇట్లే మాయొద్దకు వచ్చెను. మేము అతని తలమీద చేతులుంచి ప్రార్థించితిమి గాని అప్పెంత, వడ్డీ యెంత, పని యిచ్చువారెవరు అని అడుగలేదు. అడుగుట అవిశ్వాసమగునేమో యనుకొంటిమి. ఏడాది తిరుగకమునుపే అతని సాంచాలు తుక్కుకు పోయెను, అప్పు మిగిలెను, సిగ్గుచేత అతడు ఆరాధనకు వచ్చుట మానెను. ఆ తప్పులో మా పాలు కలదు.

ప్రభువు గోపురము కట్టగోరినవానిగూర్చి చెప్పినది, తన్ను వెంబడించుటకు చెల్లింపవలసిన వెలను గూర్చియే. అయినను ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనువానిని ఆయన అల్పవిశ్వాసి యనలేదు.

కూలివానికిని ఆసామికిని భేదమేమి? పని ఆగిన దినమున కూలివానికి ఆనాటి కూలి పోవును. ఆసామికైతే రాబడి ఆగినను అప్పు కిస్తు ఆగదు, షెడ్డు కిరాయి ఆగదు. సేటు నూలిచ్చిననే అతని సాంచాలు ఆడును. 2017లో ప్రభుత్వము బతుకమ్మ చీరల పని సిరిసిల్లకు ఇచ్చినప్పుడు అనేకులకు చేతినిండ పని దొరికెను. 2024లో ఆ చీరల పంపకము జరుగలేదు. తరువాత వేరు చీరల పని వచ్చెను గాని, నడుమ ఖాళీ నెలలలో కిస్తు తేదీ ఎవరికొరకును ఆగలేదు. ఒక్క చేతినుండి వచ్చు పనిమీదనే సమస్తము నిలుపుకొన్నవాడు, ఆ చెయ్యి ముడుచుకొన్న దినమున ఏమి చేయును?

కాబట్టి సొంతపని తలపెట్టువారలారా, అప్పు పత్రముపై వ్రేలు పెట్టకముందు ఈ నాలుగు సంగతులు చూచుకొనుడి. పని లేకున్న మూడు నెలలు ఇల్లు గడచునా? ఇచ్చు మజూరీ కాగితముమీద వ్రాయబడినదా? లాబాను పదిమార్లు జీతము మార్చెనని యాకోబు మొరపెట్టెను గదా (ఆది. 31:7). మీకు జామీను నిలుచువాడు ఆ నష్టమును భరింపగలడా (సామె. 22:26, 27)? మీ భార్యకు అప్పు మొత్తము తెలియునా? వీటికి జవాబు లేనియెడల, ఇంకొక యేడు కూలికి పోవుట అవమానము కాదు.

సంఘ పెద్దలారా, గోపురము సగములో నిలిచిపోయినవానిని చూచి నవ్వినవారు ఆ ఉపమానములో నున్నారు. మన సంఘము వారిలో నుండకూడదు. ఆ యౌవనస్థుని యింటికి మేము ఆలస్యముగానే పోతిమి. చాపమీద కూర్చుండి, అప్పుల కాగితములన్నియు పరచి, అతనితోను అతని భార్యతోను లెక్క చూచితిమి. ఆ రాత్రి చేసిన ప్రార్థన మొదటి ప్రార్థనకంటె చిన్నది, గాని సత్యమైనది. ఇప్పుడతడు మరల కూలికి నేయుచు అప్పు తీర్చుచున్నాడు. ఆదివారమున తన స్థలములో కూర్చుండుచున్నాడు.

మన చేతిపనిని ప్రభువు స్థిరపరచును గాక. ఆమేన్.