నీరు పోసిన చేతికి హక్కెంత?

నారు పోసినవాడు నీరు పోయడా అని మన పెద్దలు దేవుని మీద భారం వేస్తారు. అయితే దేవుడు పోసే నీరు చాలాసార్లు ఎవరో ఒకరి చేతి బిందెలో నుండే వస్తుంది. కూలి ఆశించక నీరు పోసిన ఆ చేతికి ఆ నేల మీద హక్కు ఎంత? పట్టణాలలో జీవించే మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

1973లో న్యూయార్కు నగరంలో, బవరీ, హ్యూస్టన్ వీధులు కలిసే మూలన, చెత్తతో నిండిన ఖాళీ స్థలాన్ని లిజ్ క్రిస్టీ అనే చిత్రకారిణి, ఆమె మిత్రులు శుభ్రం చేసి తోట వేశారు. స్థలం నగరపాలక సంస్థది. మరుసటి ఏడు నెలకు ఒక్క డాలరు అద్దెకు దానిని వారికే అప్పగించారు. క్రమంగా పేదల పేటలలో ఇలాంటి తోటలు వందల సంఖ్యలో వెలిశాయి. 1999లో మేయరు రుడాల్ఫ్ జూలియానీ వందకు పైగా తోటల స్థలాలను వేలం వేయబూనారు. వేలానికి ముందు రెండు స్వచ్ఛంద సంస్థలు వాటిని కొని కాపాడాయి.

తోటమాలులదే న్యాయమని వెంటనే అనాలనిపిస్తుంది. కాని స్థలాలు ఇళ్లకు కావాలన్నది నగరం వాదన. తలదాచుకొనే చోటు లేని కుటుంబం కూడా మన పొరుగువాడే గదా! అందుకే 2002లో కుదిరిన ఒప్పందంలో చాలా తోటలు నిలిచాయి, కొన్ని గృహనిర్మాణానికి పోయాయి.

భూమి తనదేనని, మనం దానిలో పరదేశులమని ప్రభువు లేవీయకాండము 25వ అధ్యాయంలో తెలిపాడు. ఆస్తిహక్కును శ్రీసభ గౌరవిస్తుంది. కాని భూఫలాలు అందరి కోసమన్న సత్యానికి ఆ హక్కు లోబడి ఉండాలని పోపు ఫ్రాన్సిస్ 2015లో తమ 'లౌదాతో సీ' విశ్వలేఖలో గుర్తుచేశారు. ఈ బోధ డబ్బుపెట్టి కొన్నవానిని మాత్రమే కాదు, చెమటోడ్చినవానిని కూడా ప్రశ్నిస్తుంది. నేను తవ్వాను గనుక నాదే అని గేటుకు తాళం వేసిన సేవకుడు, తెలియకుండానే యజమాని అయిపోతాడు. పొలం అంచుల వరకు కోయవద్దని, పేదకు, పరదేశికి కొంత విడిచిపెట్టమని అదే గ్రంథం 19వ అధ్యాయం ఆజ్ఞ. ఆ పేద విత్తనం నాటాడా అని దేవుడు అడుగలేదు.

అలాగని శ్రమకు విలువ లేదనరాదు. తోటను సాగుచేసి కాపాడమని దేవుడు ఆదామును ఏదెనులో ఉంచాడు. కాపాడినవానికి మాట చెప్పే హక్కు ఉంది. అతనిని అడుగకుండా నేలను అమ్మడం అన్యాయం. అతనికి లేనిది ఇతరులను గెంటివేసే హక్కు.

మన విచారణలలో గుడి ఆవరణలో, బడి గోడ పక్కన ఖాళీ నేల ఉంటుంది. నలుగురు యువకులు పూనుకొంటే గోంగూర, కరివేపాకు, మునగ పెరుగుతాయి. నాటకముందే ఒక మాట అనుకోవాలి: మొదటి కోత ఎవరి ఇంటికి? పనికి రాలేని ముసలమ్మ పేరు ఆ జాబితాలో ముందుంటే, అది దేవుని తోట.