పొలమారితే ఎవరు తలుచుకున్నట్టు?



ఈ వారం వీడియోలో కేనోపనిషత్తులోని యక్ష కథ చెప్పుకున్నాం కదా. అందులో ఒక మాట వదిలేశాను. టైమ్ చాలక అని చెప్పొచ్చు కానీ అది నిజం కాదు. కెమెరా ముందు చెప్పలేకపోయాను. రాయడం కొంచెం తేలిక, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక ప్రశ్న. ఇలాంటివి మీకూ జరిగే ఉంటాయి. ఫ్రెండ్ గురించి మాట్లాడుకుంటూ ఉంటాం, సరిగ్గా అప్పుడే వాడు గుమ్మంలో కనిపిస్తాడు. "నీకు నూరేళ్ళు రా!" అంటాం. ఎవరో ఒక మాట అనగానే గోడ మీద బల్లి పలుకుతుంది, పెద్దవాళ్ళు వేలితో తట్టి "సత్యం, సత్యం" అంటారు. ఎప్పుడూ వెళ్ళని ఊళ్ళో ఒక సందు మలుపు తిరగగానే, ఇక్కడికి ఇంతకుముందు వచ్చానే అనిపిస్తుంది. వారం రోజులు వెతికినా దొరకని తాళంచెవి, వెతకడం మానేసిన రోజు టేబుల్ మీదే ఉంటుంది. ఇవేవీ పనిగట్టుకుని చెప్పేంత పెద్దవి కావు. అలాగని మర్చిపోయేంత చిన్నవీ కావు.

మా ఇంట్లో అలాంటి వింత ఒకటి ఉండేది. పొలమారడం.

నీళ్ళు తాగుతుంటేనో అన్నం తింటుంటేనో గొంతులో అడ్డం పడి దగ్గు వస్తే మావైపు పొలమారింది అంటాం. కొన్నిచోట్ల పొరపోయింది అంటారు. వెంటనే పక్కన ఉన్నవాళ్ళు నెత్తి మీద తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు" అంటారు. మా అమ్మమ్మ అక్కడితో ఆగేది కాదు. తెనాలి దగ్గర పల్లెటూళ్ళో ఉండేది. పొలమారిన ప్రతిసారీ కీప్యాడ్ ఫోన్ తీసి, 2 నొక్కి పట్టుకునేది. ఆ 2 నేనే.

"నాన్నా, ఇప్పుడు నన్ను తలుచుకున్నావా?"

మీటింగ్‌లో ఉన్నా, మెట్రోలో ఉన్నా, డిప్లాయ్‌మెంట్ మధ్యలో ఉన్నా అదే ప్రశ్న. "లేదు అమ్మమ్మా, కోడ్ రాసుకుంటున్నా" అంటే, "సర్లే, అన్నం తిన్నావా?" అని పెట్టేసేది. మొత్తం కలిపి నలభై సెకన్లు.

నా ఎక్సెల్ షీట్

నేను ఇంజినీరింగ్ చదివినవాడిని. నాకో ఆలోచన వచ్చింది. ఒక షీట్ తెరిచాను. తేదీ, టైమ్, ఆ క్షణంలో అమ్మమ్మ నా మనసులో ఉందా లేదా. ఆరు నెలలు రాశాను. 41 కాల్స్. నిజంగా తలుచుకుంటున్నవి 3.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు లాప్‌టాప్ తెరిచి అమ్మమ్మకి చూపించాను. చాలా ఓపిగ్గా చెప్పాను కూడా. మింగేటప్పుడు గాలి గొట్టాన్ని మూసే చిన్న మూత ఒకటి ఉంటుంది, అది ఒక్క క్షణం లేటయితే నీటి చుక్క దారి తప్పుతుంది, అప్పుడు ఊపిరితిత్తులను కాపాడటానికి ఒళ్ళు దగ్గుతుంది, వయసు పెరిగేకొద్దీ మింగే కండరాలు బలహీనపడతాయి కాబట్టి పెద్దవాళ్ళకి ఎక్కువ పొలమారుతుంది అని. కలిసొచ్చిన మూడే మనకి గుర్తుంటాయి, కలవని ముప్పై ఎనిమిదీ మర్చిపోతాం అని. గదిలో 23 మంది ఉంటే చాలు, ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి పైనే ఉంటుంది, వింతలా కనిపించేవన్నీ వింతలు కావు అని.

అంతా విని, "అలాగా నాన్నా" అంది. పొయ్యి మీద పాలు చూసుకోవడానికి లేచి వెళ్ళిపోయింది.

నేను చెప్పినదాంట్లో ఒక్క తప్పు కూడా లేదు. ఇప్పటికీ లేదనే అంటాను. మన శాస్త్రాలు కూడా ఈ విషయంలో మనల్ని మోసం చేయలేదు. కాకతాళీయం అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణంలో తాటిపండు రాలింది. కాకి వాలడం వల్ల పండు రాలలేదు, పండు రాలబోతోందని కాకి రాలేదు. రెండూ ఒకేసారి జరిగాయి, అంతే. యోగవాసిష్ఠంలో ఈ పోలిక మళ్ళీ మళ్ళీ వస్తుంది. కాబట్టి బల్లి పడిందని, కన్ను అదిరిందని భయపెట్టి మీ దగ్గర డబ్బులు గుంజేవాళ్ళు ఎవరైనా ఎదురైతే, వాళ్ళకి ఈ కాకిని చూపించండి. అది ధర్మానికి వ్యతిరేకం కాదు.

మరి నా తప్పేంటి? దానికి ముందు యక్ష కథ ఒకసారి గుర్తు చేసుకోవాలి.

గడ్డిపరక ముందు అగ్ని

దేవతలు అసురుల మీద గెలిచారు. గెలిపించింది పరబ్రహ్మం. వీళ్ళేమో "ఇది మా విజయం, మా గొప్పతనం" అనుకున్నారు. అప్పుడు వాళ్ళ ఎదుట ఏదో ప్రత్యక్షమైంది. అదేంటో ఎవరికీ అర్థం కాలేదు. ఉపనిషత్తు దాన్ని యక్షం అంటుంది. పూజించదగిన అద్భుతం అని అర్థం చెప్తారు.

అగ్ని వెళ్ళాడు. "నువ్వెవరు? నీ శక్తేంటి?" అని అడిగితే, భూమ్మీద ఉన్నదంతా కాల్చేయగలను అన్నాడు. ఒక గడ్డిపరక ముందు పెట్టి, కాల్చమంది యక్షం. ఉన్న బలమంతా పెట్టినా కాలలేదు. వాయువు వెళ్ళాడు. అంతా ఎగరేసుకుపోగలను అన్నాడు. అదే గడ్డిపరక. కదల్లేదు. ఇద్దరూ వెనక్కొచ్చి, అదేంటో తెలుసుకోలేకపోయామని నిజాయితీగా ఒప్పుకున్నారు.

తర్వాత ఇంద్రుడు వెళ్ళాడు. ఆయన దగ్గరకి రాగానే యక్షం మాయమైపోయింది! మా ఫీల్డ్‌లో హైసెన్‌బగ్ అంటాం. ఎవరూ చూడనప్పుడు వస్తుంది, పట్టుకుందామని లాగ్స్ ఆన్ చేయగానే మాయమవుతుంది. అలాంటప్పుడు చాలామంది టికెట్ క్లోజ్ చేసేస్తారు. ఇంద్రుడు మాత్రం అక్కడే నిలబడ్డాడు. అదే ఆకాశంలో ఆయనకి ఉమాదేవి, హైమవతి, కనిపించింది. "అమ్మా, ఏమిటా యక్షం?" అని అడిగాడు. "అది బ్రహ్మం. ఆ విజయం దానిది. మీరు గొప్పవాళ్ళయింది దాని వల్లే" అని చెప్పింది తల్లి.

గమనించండి. అగ్నికి శక్తి లేక కాదు. లోకాన్ని కాల్చే శక్తి నిజంగానే ఉంది. కానీ ఆ శక్తి తనదే అనుకున్నాడు, ఎదురొచ్చిన ప్రతిదాన్నీ దానితోనే కొలవొచ్చు అనుకున్నాడు. నా చేతిలో ఉన్నది లెక్క. దానితో దేన్నైనా కాల్చేయగలను అనుకున్నా. నా ముందు పెట్టిన గడ్డిపరక, అమ్మమ్మ అడిగే ఒక ప్రశ్న.

ఆ రాత్రి ఏమీ జరగలేదు

సంక్రాంతి తర్వాత అమ్మమ్మ ఫోన్లు తగ్గిపోయాయి. నేను గమనించేసరికే రెండు నెలలైంది. పోన్లే, అర్థమైంది అనుకున్నా.

శ్రావణమాసంలో ఒక రాత్రి ఆఫీసులో రిలీజ్ ఉంది. పదకొండు దాటింది. పాంట్రీలో నిలబడి నీళ్ళు తాగుతుంటే నాకు పొలమారింది. కళ్ళల్లో నీళ్ళొచ్చేంత దగ్గు. మొట్టమొదట గుర్తొచ్చింది అమ్మమ్మే. ఫోన్ చేతిలోకి తీసుకున్నా. "ఏరా, నీ లెక్క ఏమైంది?" అంటుందేమో అనిపించింది. మళ్ళీ జేబులో పెట్టేశా. పొద్దున చేద్దాంలే అనుకున్నా. పొద్దున చేయలేదు.

ఆ రాత్రి అమ్మమ్మకి ఏమీ కాలేదు. హాయిగా నిద్రపోయింది. ఇది స్పష్టంగా ఎందుకు చెప్తున్నానంటే, ఇలాంటి కథ ఎక్కడికి వెళ్తుందో మీరు ముందే ఊహించేసి ఉంటారు. అది శకునం కాదు. అమ్మమ్మ ఇంకా పంతొమ్మిది రోజులు బతికింది. ఆ పంతొమ్మిది రోజుల్లో నేను మాట్లాడింది వరలక్ష్మీ వ్రతం రోజు ఒక్కసారి, అది కూడా స్పీకర్‌లో, అందరితో కలిపి. తర్వాత ఒక తెల్లవారుజామున నిద్రలోనే వెళ్ళిపోయింది.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక అత్తయ్య నా పక్కన కూర్చుంది. మామూలుగానే చెప్పింది, నన్ను నొప్పించాలని కాదు. "ఈమధ్య మీ అమ్మమ్మకి మరీ తరచుగా పొలమారేదిరా. ఫోన్ తీసేది, 2 మీద వేలు పెట్టేది, మళ్ళీ 'వద్దులే, వాడు లెక్క రాసుకుంటాడు' అని పక్కన పెట్టేసేది."

ఫ్రెండ్స్, నా షీట్‌లో 41 వరసలున్నాయి. ఆ కాల్స్ నెలనెలా పెరుగుతున్నాయని అందులో కనిపిస్తూనే ఉంది. పెద్దవాళ్ళకి ఎందుకు ఎక్కువ పొలమారుతుందో ఆమెకి పాఠం చెప్పినవాడిని, "అమ్మమ్మా, నీకెందుకు ఇన్నిసార్లు పొలమారుతోంది, ఒకసారి డాక్టర్‌కి చూపిద్దామా?" అని అడగలేదు. ఆమె నన్ను తలుచుకున్నావా అని అడుగుతోంది. నేనేమో అది నిజమా అబద్ధమా అని చూస్తున్నా. నెట్‌వర్క్‌లో పింగ్ అని ఒకటుంటుంది. దానిలో సమాచారం ఏమీ ఉండదు. అటువైపు ఉన్నావా అని అడుగుతుంది, ఉన్నాను అని జవాబొస్తే చాలు. 41 పింగ్‌లకి నేను ఎర్రర్ రిపోర్ట్ రాశాను.

అసలు వింత

మహాభారతంలో ఇంకో యక్షుడు ఉన్నాడు. అరణ్యపర్వంలో, దాహంతో ఉన్న పాండవులు ఒక్కొక్కరే ఒక కొలను దగ్గరకి వెళ్తారు. ముందు నా ప్రశ్నలకి జవాబు చెప్పి తర్వాత తాగమని ఒక గొంతు వినిపిస్తుంది. మాట్లాడేదెవరో కనిపించదు. నకులుడు, సహదేవుడు, అర్జునుడు, భీముడు, నలుగురూ ఆ మాట లెక్కచేయకుండా తాగి పడిపోతారు. ధర్మరాజు ఒక్కడే ఆగుతాడు. ఆయనకీ దాహమే. పైగా కళ్ళముందు నలుగురు తమ్ముళ్ళు పడి ఉన్నారు. అయినా నీళ్ళ దగ్గర ఆగి, "అడుగు" అన్నాడు.

ఆ ప్రశ్నల్లో ఒకటి మీ అందరికీ తెలిసిందే. లోకంలో అన్నిటికంటే పెద్ద ఆశ్చర్యం ఏంటి? రోజూ ప్రాణులు పోతూనే ఉన్నాయి, చూస్తున్నవాళ్ళు మాత్రం తాము శాశ్వతంగా ఉంటామనుకుంటారు, ఇంతకంటే ఆశ్చర్యం ఏముంది అన్నాడు ధర్మరాజు. చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు విన్నానో. పరీక్షలో రాయమంటే రాసేవాడిని. కానీ పాంట్రీలో ఫోన్ జేబులో పెట్టేస్తూ "పొద్దున చేద్దాంలే" అనుకున్న క్షణంలో, ఆ జవాబు నా గురించే అని తెలియలేదు. బల్లి పలకడం వింత కాదు. పొలమారడం వింత కాదు. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి రేపు కూడా ఉంటుందని నేను ఏ లెక్కా వేయకుండా నమ్మేశాను చూడండి, అది వింత.

కేనోపనిషత్తు ఆ కథ చెప్పాక, బ్రహ్మాన్ని దేనితో పోల్చిందో తెలుసా? మెరుపు మెరవడంతో. కన్ను రెప్ప వేయడంతో. అంత చిన్న క్షణాలతో. అలాంటి క్షణం వచ్చినప్పుడు మనం రెండు తప్పులు చేస్తాం. ఒకటి, భయపడి దాన్ని శకునం చేసేస్తాం. రెండోది, నాలాగా వెంటనే కాల్చేసి బూడిద చూపిస్తాం. ఇంద్రుడు చేసింది మూడో పని. తలవంచి నిలబడి, అడిగాడు.

కాబట్టి ఈ వారం ఒక చిన్న సాధన. ఏదైనా వింతగా అనిపించిన క్షణంలో, అది నిజమా కాదా అన్న ప్రశ్నని ఒక్క నిమిషం పక్కన పెట్టండి. ఇష్టదైవాన్ని ఒకసారి తలుచుకోండి. ఆ క్షణంలో ఎవరి పేరు మనసులోకి వచ్చిందో చూసుకోండి. వాళ్ళకి ఫోన్ చేయండి. కారణం తర్వాత వెతుక్కోవచ్చు. కారణం ఎక్కడికీ పోదు, మనుషులు పోతారు.

ఆ ఎక్సెల్ షీట్ నేను డిలీట్ చేయలేదు. చివరి వరస కింద ఆ శ్రావణమాసపు రాత్రి తేదీ వేసి, తలుచుకున్నానా అన్న గడిలో "అవును" అని రాశాను. 42వది. అది నేను చేయాల్సిన కాల్.

ఈమధ్య మా అమ్మకి పొలమారితే నాకు ఫోన్ చేస్తోంది. "తలుచుకున్నావా?" అంటుంది. కోడ్ రాసుకుంటున్నా సరే, "ఆఁ అమ్మా, చెప్పు" అంటున్నా. అబద్ధం కాదు. ఆ ఫోన్ ఎత్తేసరికి తలుచుకునే ఉంటున్నాను.

వచ్చే వారం వీడియోలో మళ్ళీ కలుద్దాం. శ్రీ మాత్రే నమః.