పొరుగువాడు ఎక్కడ ఉన్నాడు?



ఆపదలో ఉన్న పరదేశికి సాయం చేయడం మంచిదేనా అని అడిగితే కాదనేవారు ఉండరు. అయితే ఆ పరదేశి ఎక్కడ ఉన్నాడన్న దానినిబట్టి మన జవాబు మారవచ్చునా? మన దేశంలో జరిగిన ఒక సంగతిని ముందు పెట్టుకొని ఆలోచిద్దాం.

2017 ఆగస్టు 25 తరువాత మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రంలో సైన్యం జరిపిన దాడులకు తాళలేక 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్ చేరుకున్నారు. కాక్స్ బజార్ ప్రాంతంలోని కొండలమీద వెదురు బొంగులతో, ప్లాస్టిక్ పట్టాలతో గుడిసెలు లేచాయి. సెప్టెంబరు 14న భారత వాయుసేన విమానం 53 టన్నుల సామగ్రితో చిట్టగాంగ్‌లో దిగింది. బియ్యం, పప్పు, పంచదార, ఉప్పు, వంటనూనె, టీపొడి, బిస్కెట్లు, దోమతెరలు అందులో ఉన్నాయి. ఆ సహాయ కార్యక్రమానికి ‘ఆపరేషన్ ఇన్సానియత్’ అని పేరు పెట్టారు. ఇన్సానియత్ అంటే మానవత్వం.

సరిగా నాలుగు రోజులకు, సెప్టెంబరు 18న, అదే ప్రభుత్వం సుప్రీంకోర్టులో అఫిడవిట్ దాఖలు చేసింది. మన దేశంలో ఉన్న సుమారు 40,000 మంది రోహింగ్యాలు అక్రమ వలసదారులనీ, వారివల్ల దేశ భద్రతకు ముప్పు ఉందనీ, వారిని పంపివేసే అధికారం తమదేననీ వాదించింది.

ఆ బియ్యం బూటకం అని నేను అనను. ఆకలితో ఉన్న పిల్లవాడికి అన్నం పెట్టినవాని ఉద్దేశంతో పనిలేదు, అతని కడుపు నిండింది. ప్రభుత్వం వాదననూ తేలికగా తీసివేయరాదు. దేశాన్ని కాపాడడం పాలకుల విధి. నేరం చేసినవానిని విచారించి శిక్షించవలసిందే. మన బీదలే ఇంకా గంజికి అల్లాడుతుంటే పరాయివారి సంగతి మనకెందుకు అని అడిగేవారి ప్రశ్నలోనూ న్యాయం ఉంది.

ఈ ప్రశ్నను పునీత తోమస్ అక్వినాస్ 13వ శతాబ్దంలోనే చర్చించారు. ప్రేమకు ఒక క్రమం ఉందనీ, మనకు దగ్గరివారికి ముందుగా మేలు చేయాలనీ ఆయన బోధించారు. అయితే ఆ వెంటనే మరొక మాట చేర్చారు. కన్నతండ్రికి అంత అవసరం లేనప్పుడు, ప్రాణాపాయంలో ఉన్న పరాయివానికే ముందు సాయపడాలన్నారు. అంటే రెండు కొలతలు ఉన్నాయి: ఒకటి దగ్గరితనం, రెండవది అవసరం. ఏ కొలతతో చూసినా హైదరాబాదు బాలాపూర్‌లో కూలిపని చేసుకుంటూ, చిత్తుకాగితాలు ఏరుకుంటూ బతుకు వెళ్లదీస్తున్న రోహింగ్యా కుటుంబం కాక్స్ బజార్‌లోని కుటుంబానికి తీసిపోదు. పైగా మనకు మరింత దగ్గర. దగ్గరివారు ముందు అనే సూత్రాన్ని పట్టుకున్నవారు ఈ కుటుంబాన్ని ఎలా కాదనగలరు?

మరి దూరాన ఉన్నవాని మీద సులువుగా కలిగే దయ దగ్గరికి వచ్చేసరికి భయంగా ఎందుకు మారుతుంది? దూరపువాడు మననుంచి అడిగేది ఒక మూట మాత్రమే. దానిని విమానం ఎక్కిస్తే మన పని తీరుతుంది. గుమ్మం దగ్గరికి వచ్చినవాడు చోటు అడుగుతాడు, పిల్లలకు బడి అడుగుతాడు, తన మాట వినమంటాడు. మూట ఇచ్చినవాడు దాతగా మిగులుతాడు, చోటు ఇచ్చినవాడు పొరుగువాడవుతాడు. మనకు దాతృత్వం ఇష్టం, పొరుగుతనం కష్టం. ఇంట గెలిచి రచ్చ గెలవమని మన పెద్దలు ఊరికే అనలేదు.

సరిహద్దులన్నీ తెరచివేయమని నేను చెప్పడం లేదు. చట్టం నిర్దేశించిన విధానం పాటించకుండా వారిని పంపరాదని 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు చెప్పింది. న్యాయానికి ఇది కనీస మెట్టు. ఆ పైన మనస్సాక్షి అడిగేది ఒకటుంది: ఒక్కొక్క మనిషినీ విడిగా విచారించాలి, ఒకరి నేరాన్ని జాతి మొత్తానికి అంటగట్టరాదు. 1982 నాటి పౌరసత్వ చట్టంతో వారిని పరాయివారిని చేసిన దేశానికే, అక్కడ ప్రాణభయం ఉండగా, బలవంతంగా తిరిగి పంపరాదు. కాలుతున్న ఇంటినుంచి పరుగెత్తి వచ్చిన బిడ్డను మళ్లీ ఆ మంటలోకి తోసి, చేతిలో బిస్కెట్ పొట్లం పెడితే దానిని మానవత్వం అంటామా?

ప్రభుత్వాన్ని అడిగే ముందు మనల్ని మనం అడుగుదాం. అద్దెకు గది కోసం, కూలికోసం, బడిలో సీటుకోసం అలాంటి కుటుంబం మన ఇంటికి వస్తే, పేరు వినగానే తలుపు వేస్తామా? ఇన్సానియత్ అనే మాటకు మన వీధిలో అర్థం ఏమిటో ఆనాడు తేలుతుంది.