రుజువు భారం ఎవరిది?

మేము ఏజెన్సీ బడుల్లో పాఠాలు చెప్పేవాళ్ళం. డీఎస్సీ ప్రకటన వచ్చినా, రాజమండ్రిలో ఏదైనా ప్రైవేటు ఉద్యోగం ఉందని తెలిసినా, మా దగ్గర చదివిన పిల్లలు ముందుగా అడిగేది ఏ కాగితాలు కావాలి అని. నాలుగు నుంచి పది వరకు స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ, నివాస ధ్రువీకరణ, పని చేసి ఉంటే అనుభవ పత్రం. ఒక్కటి తగ్గినా చదివిన చదువు లెక్కలోకి రాదు.

కాగితం అడగడమే అన్యాయం అని మేము అనం. దొంగ ఎస్టీ సర్టిఫికెట్లతో మన ఉద్యోగాలు పట్టుకుపోయేవాళ్ళను నిలదీస్తున్నది మనమే. 1993 నాటి కుల ధ్రువీకరణ చట్టం, ఫలానా తెగవాడినని రుజువు చేసుకునే భారం ఆ మాట చెప్పుకునేవాడిదే అంటుంది. మోసాన్ని ఆపడానికి అది అవసరమే. కానీ రుజువు వేరొకరి బీరువాలో ఉన్నప్పుడు కూడా భారం అంతా పిల్లవాడిదేనా?

బడి పెట్టింది ప్రభుత్వం. అడ్మిషన్ రిజిస్టరు రాసేది మేము, దాచవలసింది బడి. ఆ బడి మూతపడితే, మరో బడిలో కలిసిపోతే, రిజిస్టరు కోసం తిరిగేది మాత్రం కొండరెడ్డి, కోయ పిల్లలు. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు 2014 దాకా ఖమ్మం జిల్లా, ఆ తర్వాత తూర్పు గోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. ఒకే ఇంట్లో ముగ్గురి సర్టిఫికెట్ల మీద మూడు జిల్లాల పేర్లు ఉండవచ్చు. దేవీపట్నం వైపు పోలవరం ముంపులో ఊళ్ళకు ఊళ్ళే పునరావాస కాలనీలకు వెళ్ళాయి.

టీచరు పోస్టులను స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3 కూడా, అభ్యర్థి గానీ తల్లిదండ్రులు గానీ 1950 జనవరి 26 నుంచి ఏజెన్సీలోనే ఉండాలని అడిగింది. ఆనాడు బడే లేని కొండ ఊరిలో ఆ నివాసాన్ని రాసిపెట్టింది ఎవరు? 2020లో సుప్రీంకోర్టు ఆ జీవోనే కొట్టేసింది. కాగితాల తిప్పలు మాత్రం పోలేదు.

పని సంగతి మరీ కష్టం. విద్యా వాలంటీరుగా రెండేళ్ళు పలకలు దిద్దించిన అమ్మాయికి, దుకాణంలో చేతికి జీతం తీసుకున్న అబ్బాయికి అనుభవం ఉంటుంది, పత్రం ఉండదు. ఇచ్చినవాళ్ళు రాసి ఇవ్వలేదు. దానికి శిక్ష చేసినవాళ్ళకా?

దారి లేకపోలేదు. 2006 అటవీ హక్కుల చట్టం నిబంధనల ప్రకారం పోడు భూమికి కనీసం రెండు ఆధారాలు చూపాలి. వాటిలో ఒకటి ఊరి పెద్దలు చెప్పి రాయించిన మాట కావచ్చు. భూమి హక్కుకు పనికొచ్చిన పెద్దల మాట, పిల్లవాడు ఏ బడిలో చదివాడో చెప్పడానికి ఎందుకు పనికిరాదు? మరో ఆధారంతో కలిపి గ్రామసభ ముందు తీసుకుంటే మోసానికీ చోటు తక్కువ.

అందుకే మేము కోరేది ఒక్కటే. రిజిస్టరు ఎవరి దగ్గర ఉందో వాళ్ళే తెచ్చి చూపాలి. బడి జవాబు వచ్చేదాకా అభ్యర్థిని తీసివేయకూడదు. మన వంతుగా, బడి విడిచే ప్రతి పిల్లవాడికీ అడగకముందే స్టడీ సర్టిఫికెట్ రాసి చేతికి ఇద్దాం.