ఐపీ పెట్టే ముందు ఒక మాట

అబ్బాయీ, నువ్వు దివాలా పిటిషన్, అదే ఐపీ, పెట్టాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పి ఏడ్చింది. ఊళ్లో తలెత్తుకోలేమని ఆవిడ దిగులు. నాకా దిగులు లేదు. ప్లీడరు గుమాస్తాగా గుంటూరు కోర్టుల్లోనే నా జీవితం గడిచింది. మిర్చి ధర పడిపోయినవాళ్లూ, చీటీ వేసినవాడు ఎత్తేస్తే మునిగినవాళ్లూ, ఆసుపత్రి ఖర్చులకు కొట్టు ఊడ్చేసుకున్నవాళ్లూ నా బల్ల ముందు కూర్చుని కాగితాలు రాయించుకున్నారు. వాళ్లలో నిజాయితీపరులే ఎక్కువ. తీర్చే స్తోమత లేకపోవడం నేరం కాదు. డబ్బుండీ ఎగ్గొట్టేవాడి సంగతి వేరు, డబ్బు లేక తీర్చలేనివాణ్ణి డిక్రీ అప్పు కోసం జైల్లో పెట్టకూడదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. ఆ తీర్పు రాసింది జస్టిస్ కృష్ణయ్యర్. కాబట్టి రాత్రిళ్లు పిచ్చి ఆలోచన ఏదైనా వస్తే, ఎంత పొద్దుపోయినా సరే, ముందు నాకు ఫోన్ చెయ్యి.

ఇక నువ్వు కలిసొచ్చిన వకీలు సంగతి. ‘ముందు ఇల్లు మీ ఆవిడ పేర రాసెయ్, ఆ తర్వాత ఐపీ వేద్దాం’ అన్నాడట. ఆయన గుమ్మం మళ్లీ తొక్కకు నాయనా. ఇప్పటికీ నీబోటివాళ్లకు వర్తించేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. ఊరికే ఒకరి పేర ఆస్తి రాసేసి, రెండేళ్లు తిరక్కుండా పడ్డ పిటిషన్ మీద నువ్వు దివాలాదారుడివైతే, కోర్టు పెట్టే రిసీవరు ఆ దస్తావేజును రద్దు చేయించగలడు. అప్పులవాళ్లను ముంచాలని ఆస్తి దాటించావని తేలితే ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు. ఇల్లూ నిలవదు, పరువూ నిలవదు, పాపం ఆ అమ్మాయి కూడా కోర్టు మెట్లెక్కాలి.

యూట్యూబులో చూసి 2016 నాటి కొత్త దివాలా చట్టం గురించి అడిగావట. అందులో వ్యక్తుల దివాలాకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి, కంపెనీల అప్పులకు సొంత హామీ ఇచ్చినవాళ్ల వరకే అమలులోకి తెచ్చారు. బట్టల కొట్టు నడుపుకునే నీకు దాంతో పనిలేదు. నీ పిటిషన్ వెళ్లేది జిల్లా కోర్టుకో, ఆ అధికారం ఇచ్చిన సీనియర్ సివిల్ జడ్జి కోర్టుకో. అందుకని అక్కడ ఐపీలు నడిపిన అనుభవం ఉన్న ప్లీడరు కావాలి నీకు. పెద్ద బోర్డు ఉన్నవాడు అక్కర్లేదు. బార్ అసోసియేషన్‌లో నలుగురిని కదిపితే ఆ పేర్లు తెలుస్తాయి.

మొదటి రోజే నిన్ను ఇబ్బంది పెట్టే ప్రశ్నలు వేస్తే ఆయన మంచి ప్లీడరని తెలుసుకో. ప్రోనోట్లు ఎన్ని రాశావు? ఖాళీ చెక్కులు ఎవరెవరి దగ్గర ఉన్నాయి? ఈ మధ్య ఎవరికైనా గుట్టుగా బాకీ తీర్చావా? ఆన్‌లైన్ రమ్మీ ఆడావా, షేర్లలో పెట్టావా? కొట్టు లెక్కలు గత మూడేళ్లవి ఉన్నాయా? కోపం తెచ్చుకోకుండా ఉన్నదున్నట్టు చెప్పు. రేపు డిశ్చార్జి, అంటే అప్పుల నుంచి విముక్తి, ఇచ్చేటప్పుడు జడ్జిగారు చూసేవి ఇవే. నీ ఆస్తి అమ్మితే రూపాయికి అర్ధరూపాయి కూడా రాకపోతే, అది నీ చేతుల్లో లేని కారణాలతో జరిగిందని నువ్వు నమ్మించాలి. లెక్కల పుస్తకం లేనివాడు ఏం చూపించి నమ్మిస్తాడు?

ఐపీతో ఏవి ఆగవో కూడా ఆ ప్లీడరే ముందుగా చెప్పాలి. తాకట్టు పెట్టిన ఆస్తి మీద బ్యాంకు హక్కు బ్యాంకుదే. చెక్కు బౌన్సు కేసు క్రిమినల్ కేసు, దాని దారి దానిదే. ప్రభుత్వానికి కట్టాల్సినవి, మోసంతో చేసిన అప్పులు డిశ్చార్జి వచ్చినా పోవు. నీ చీటీకి హామీ సంతకం పెట్టిన స్నేహితుడు ఉన్నాడే, నీకు విముక్తి వచ్చినా అతనికి రాదు. అతను నోటీసు చూసి తెలుసుకోకూడదు. నువ్వే వెళ్లి, ఎదురుగా కూర్చుని చెప్పు. అది మాత్రం నా మాటగా తప్పక చెయ్యి.

‘ఐపీ నోటీసు పంపితే చాలు, అందరూ నోరు మూసుకుంటారు’ అనేవాళ్లు కూడా తగులుతారు. వకీలు నోటీసుకు కోర్టు ఉత్తర్వుకున్న బలం ఎక్కడిది? పిటిషన్ విచారించి నిన్ను దివాలాదారుడిగా ప్రకటించాక ఆస్తి కోర్టుకో రిసీవరుకో వెళుతుంది. అప్పటి నుంచి మామూలు అప్పులవాళ్లెవరూ కోర్టు అనుమతి లేకుండా నీ మీద దావా వేయలేరు. ఈలోగా వసూలు ఏజెంట్లు వేళకాని వేళ ఫోన్ చేస్తే భయపడకు. ఉదయం 8కి ముందూ రాత్రి 7 తర్వాతా చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది.

అంతా ఊడ్చుకుపోతారని మీ ఆవిడ భయపడుతోందట. కట్టుబట్టలు, వంట గిన్నెలు, పడకలు, మంగళసూత్రం, చేతిపని చేసుకునేవాడి పనిముట్లు, భవిష్యనిధి సొమ్ము జప్తుకు దొరకవు. సివిల్ ప్రొసీజర్ కోడ్ అరవయ్యో సెక్షన్ అది. ఆమెకు చదివి వినిపించు.

ఫీజు విషయంలో మొహమాటపడకు. ఎంతో, ఏ పనికి ఎంతో ముందే అడిగి రాయించుకో. గెలిస్తే ఇంత వాటా అని మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. అప్పు సగానికి తెగ్గొట్టిస్తామంటూ ప్రకటనలిచ్చే కంపెనీలకు ఒక్క రూపాయి కట్టకు. చేతిలో ఏమీ లేకపోతే జిల్లా కోర్టు ప్రాంగణంలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆదాయం పరిమితి లోపల ఉన్నవాళ్లకు వకీలును ఉచితంగా ఇస్తారు. స్త్రీలకూ, ఎస్సీ ఎస్టీలకూ ఆదాయం కూడా అడగరు. 15100కి ఫోన్ చేసినా చెబుతారు.

ఇంకొకటి. దివాలా ప్రకటించగానే పని అయిపోయిందనుకుని ఇంటికెళ్లి మళ్లీ కోర్టు ముఖం చూడనివాళ్లను చాలామందిని చూశాను. ఆ ఉత్తర్వులోనే డిశ్చార్జికి దరఖాస్తు పెట్టుకోవాల్సిన గడువు ఉంటుంది. అది దాటిపోతే ఆ ప్రకటనే రద్దవుతుంది, అప్పులవాళ్లు మళ్లీ మొదటికొస్తారు. ఆ తేదీని గోడ మీద క్యాలెండరులో ఎర్ర సిరాతో రాయించు.

ఇప్పుడు కూర్చుని అప్పుల జాబితా రాయి. పేరు, ఊరు, మొత్తం, ఏ కాగితం మీద తీసుకున్నావో. ఒక్కటీ వదలకు. కొట్టు పెట్టినప్పుడు నేనిచ్చిన చేబదులు కూడా అందులో ఉండాలి. మామయ్యే కదా అని పేరు వదిలేస్తే అదీ దాచినట్టే. పోనీ నాకు ముందుగా ఇచ్చేద్దామని ఎక్కడైనా సర్దుతున్నావేమో, అది మానుకో. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో ఒక్కరికే మొగ్గు చూపి కట్టినది చెల్లదు, రిసీవరు నా దగ్గర వెనక్కి తీసుకుంటాడు. అందరితో పాటు నాకు వచ్చేదేదో వస్తుంది. సోమవారం పుస్తకాలన్నీ సంచిలో వేసుకుని బస్సెక్కు, ప్లీడరు దగ్గరికి నేనూ వస్తాను.