మూత తీయని పెట్టె

మంచినీళ్లపేట ఒడ్డున ఒక చేపల కుర్రాడు ఉండేవాడు. బండి వెనక థర్మాకోల్ పెట్టె కట్టుకుని పూండి మీదుగా కాశీబుగ్గ దాకా తిరిగి అమ్మేవాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ 61 రోజులూ మరపడవలు ఇసుక మీద, వాడి బండి చూరు కింద. నిషేధం తీరి వల పడిందంటే ఇక వాణ్ని ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ ఏడాది నైరుతి మొహం చాటేసింది. రోహిణి వెళ్లి మృగశిర వచ్చినా ఎండ కాస్త కూడా తగ్గలేదు.

పెట్టె సర్దడంలో వాడి చెయ్యి గట్టిది. అడుగున దంచిన ఐసు, దాని మీద కానాగంతలు, మళ్లీ ఐసు, కవళ్లు, పైన ఇంకో పొర ఐసు. మూత బిగించి, తడిపిన గోనెసంచి కప్పి, సైకిల్ ట్యూబుతో లాగి కట్టేవాడు. దారిలో చెరువు కనిపిస్తే గోనె మళ్లీ తడిపేవాడు. పూండిలో ఎవరో బేరమాడుతూ మూత ఎత్తి అలాగే వదిలేస్తే కసిరాడు.

“మూత ముయ్యండి బాబూ! ఈ గాలి తగిలితే ఐసు నిలుస్తాదేటి?”

కాశీబుగ్గలో వాడి మేనత్తది చేపల బేరం. మంచినీళ్లపేట నుంచి గంప నెత్తిన పెట్టుకుని నడిచొచ్చిన కాలం నాటి మనిషి. ఆ రోజు సగం సరుకు ఆమె దించుకుంది. మిగతా సగం టెక్కలిలో అమ్మేస్తానన్నాడు. అప్పటికి పదకొండు దాటింది.

“ఈ యేళప్పుడు ఎల్లకురా. నాలుగయ్యాక ఎల్దూగాని.”

“ఆగితేనే ఉక్క అత్తా. బండి మీద గాలాడతాది, సల్లగుంతాది.”

చొక్కా గుండీలు మూడు తీశాడు. హెల్మెట్ అద్దానికి వేలాడదీశాడు. పెట్టె మీద గోనె మాత్రం మర్చిపోకుండా తడిపి మరీ బయల్దేరాడు. అత్త ఆ గోనె వంకా, తెరిచిన చొక్కా వంకా చూసి ఏమీ అనలేదు.

పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కాక పడమటి గాలి మొహాన కొట్టింది. చెమట పట్టినట్టే లేదు, హాయిగానే ఉందనుకున్నాడు. నీళ్ల సీసా సంచిలోనే ఉంది గానీ తాగాలంటే ఆగాలి, ఆగితే ఉక్క. సగం దారిలో తల పగిలిపోయే నొప్పి మొదలైంది. ఓ కొట్టు దగ్గర ఆపి నొప్పి బిళ్ల కొని ఒక్క గుక్క నీళ్లతో మింగాడు. ఆ తర్వాత కాసేపటికి టెక్కలికి తిరగాల్సిన మలుపు దాటిపోయాడు. రోజూ వచ్చే మలుపే. చేతులు బ్రేకు మీద సరిగా పడటం లేదని మాత్రం తెలిసింది. బండి ఎలాగో ఓ చెట్టు కిందకి చేర్చి, దిగీ దిగకుండానే కూలబడ్డాడు.

తన మాటకు వాడు ఆగడని తెలుసు గనక, ఖాళీ గంపతో ఆటో ఎక్కి వెనకే వచ్చిందామె. అదృష్టం, ఆటోవాడికి వాడి బండి తెలుసు.

“ఏ ఊర్రా మీది?” అని అడిగింది.

వాడు చెప్పిన ఊరు పుట్టిన ఊరూ కాదు, పెరిగిన ఊరూ కాదు. అంతే, ఆమె ఆటోవాడి చేత 108కి ఫోను చేయించింది. నీళ్లు పోయబోయిన వాళ్లను ఆపింది, తెలివి సరిగా లేనివాడి గొంతులో నీళ్లు పోస్తే ఊపిరికి అడ్డం పడతాయని. పెట్టె మూత తీస్తే ఐసు సగానికి పైగా ఉంది. చేపలు నిగనిగలాడుతున్నాయి. ఐసు తువ్వాలులో మూటగట్టి మెడకీ చంకలకీ పెట్టింది. గోనె తడిపి ఒంటిమీద కప్పి గంపతో విసిరింది.

అంబులెన్సు వచ్చే లోపు వాడికి కాస్త తెలివొచ్చింది.

“అత్తా, సేపలు...”

“సేపలు బాగున్నాయి. నువ్వే పాడైపోతన్నావు. దానికి మూతేసినావు, గోనె కప్పినావు, గాలి తగలనియ్యలేదు. నీకేటిరా గుండీలిప్పీసినావు?”

ఆ మిగిలిన చేపలు టెక్కలిలో ఆమే అమ్మిపెట్టిందట, మంచి ధరకే.

నీతి: సరుకుకి చేసిన కాపలా ఒంటికీ చెయ్యి.

ఈ కథలో కుర్రాడికి తెలియనిదంటూ ఏమీ లేదు, అందుకే ఇది నాకు నచ్చింది. వేడిగాలి ఐసును తినేస్తుందని వాడికి తెలుసు. మన చర్మం వేడి దాదాపు 35 డిగ్రీలు. గాలి అంతకంటే చల్లగా ఉన్నంతసేపూ బండి మీది గాలి మేలే చేస్తుంది. అది దాటిందా, అదే గాలి ఒంట్లోకి వేడి తోస్తుంది. అప్పుడు మనల్ని చల్లబరిచేది చెమట ఒక్కటే. దాన్నేమో ఆ గాలి మన కంట పడకముందే ఆరబెట్టేస్తుంది. చెమట పట్టలేదనుకుంటాం, నీళ్లు మాత్రం పోతూనే ఉంటాయి. నిండు చేతుల నూలు చొక్కా, మెడకు తడి తువ్వాలు ఉంటే ఎండా నేరుగా తగలదు, తడీ కాసేపు నిలుస్తుంది. హెల్మెట్ ఉక్క అనేవాళ్లకు ఒక మాట: దాని లోపలి పొర కూడా థర్మాకోలే, వాడి చేపల పెట్టెదీ అదే. పడితే తల కాస్తుంది, పడకపోతే నెత్తిన ఎండ ఆపుతుంది.

నొప్పి బిళ్ల సంగతి ఈ కథ జరిగిన ఉద్దానం ప్రాంతంలో చిన్న విషయం కాదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను తిన్నదో ఇక్కడివాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచింది అందుకే. ఆ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఎండలో ఒళ్లు ఎండబెట్టుకోవడం మీదా అనుమానం ఉంది. నీళ్లు చాలని ఒంట్లో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి బిళ్లలు కిడ్నీకి అందే రక్తాన్ని తగ్గిస్తాయన్నది మాత్రం అనుమానం కాదు. ఎండలో తలనొప్పి వస్తే ముందు కావాల్సింది నీడ, నీళ్లు. లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి సీసాలో పోసుకుంటే సరి. దాహం వేసేదాకా కాచుకోకుండా మధ్యమధ్య ఆగి తాగాలి. మాట తడబడినా, మలుపు తప్పినా ఆ బండి ఇక నడపకూడదు.

అయితే తప్పంతా కుర్రాడి మీద వేయడం నాకు ఇష్టం లేదు. రెండు నెలలు పని లేనివాడు మధ్యాహ్నం ఇంట్లో కూర్చోమంటే కూర్చుంటాడా? కాశీబుగ్గ బేరగాళ్లు పొద్దున్నే పెట్టె మొత్తం ఒక్క ధరకు దించుకుంటే వాడికి ఆ మిట్టమధ్యాహ్నపు టెక్కలి ప్రయాణమే ఉండదు. ఇప్పుడేమో పదింటి దాకా గీసిగీసి బేరమాడి సగం తీసుకుని, మిగతా సగం వాడి నెత్తిన పెట్టి పంపుతున్నారు. మేనత్త కూడా ఆ రోజు సగమే దించుకుంది. మరుసటి రోజు నుంచి మొత్తం తీసుకుంటోందని విన్నాను, కిలోకి రెండు రూపాయలు తగ్గించి.