క్యాసెట్టు పాడితే మనం పాడినట్టేనా?



తపస్సుకాలం వచ్చిందంటే పూండిలోనైనా, పలాసలోనైనా, టెక్కలిలోనైనా ‘కదిలింది కరుణరథం’ పాట వినని క్రైస్తవ కుటుంబం ఉంటుందా? 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ చిత్రంలోని పాట అది. విజయచందర్ గారు క్రీస్తుగా నటించారు. మోదుకూరి జాన్సన్ గారు రాశారు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు పాడారు. ఆ చిత్రాన్ని పల్లెల్లో తెర కట్టి చూపించారు. దాని పాటలు రికార్డులుగా, తరువాత క్యాసెట్లుగా మన ఇళ్లకు వచ్చాయి. బాలు గారు ఆ తరువాత కూడా ఎన్నో క్రైస్తవ భక్తిగీతాలు క్యాసెట్లకు పాడారు. ఇప్పుడు క్యాసెట్టు పోయింది, టేప్ రికార్డరు అటకెక్కింది. ఆ గొంతు మాత్రం సెల్‌ఫోనులో మనతోనే ఉంది.

ఆ పాట వింటూ కన్నీరు పెట్టుకున్న తల్లులు మన విచారణల్లో ఎందరో ఉన్నారు. సిలువ మోస్తున్న ప్రభువును చదువురాని వారి కళ్లకు కూడా కట్టించిన పాట అది. అందుకు దేవునికి కృతజ్ఞతలు చెప్పుకోవాలి.

కొందరు పెద్దలు ఒక సందేహం అడుగుతుంటారు. “బాలు గారు క్రైస్తవులు కారు కదా! హరికథలు చెప్పిన సాంబమూర్తి గారి కుమారుడు. ఆయన పాడిన పాట మనకు ప్రార్థన ఎలా అవుతుంది?” అని. మంచి ప్రశ్నే. రాజుల మొదటి గ్రంథం తెరచి చూడండి. సొలోమోను యెరూషలేములో దేవాలయం కట్టినప్పుడు దేవదారు మ్రానులు ఎక్కడినుండి వచ్చాయి? తూరు రాజైన హీరాము పంపాడు. అతడు యిస్రాయేలీయుడు కాడు. అయినా ఆ మ్రానులు అన్యుడివని సొలోమోను తిప్పి పంపలేదు. మంచి గొంతు కూడా సృష్టికర్త ఇచ్చిన వరమే. 2020 సెప్టెంబరు 25న బాలు గారు కన్నుమూశారు. అంతకుముందు ఆయన ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో అన్ని మతాలవారూ ఆయన కోసం ప్రార్థించారు. ఆయన కూడా ఏ మతం పాటనూ చిన్నచూపు చూడకుండా పాడినవారే.

అయితే అదే గ్రంథాన్ని ఇంకొంచెం ముందుకు చదవండి. హీరాము మ్రానులు పంపాడు. దేవాలయం పూర్తయింది. ఆ తరువాత బలిపీఠం ముందు చేతులు చాచి ప్రార్థించింది ఎవరు? సొలోమోను, అతనితో యిస్రాయేలు ప్రజలంతా. తూరునుండి మ్రానులు తెప్పించుకోవచ్చు. ప్రార్థన చేసే మనుషులను తెప్పించుకోలేము కదా!

మన చిక్కు ఇక్కడే ఉంది. ఆదివారం దివ్యపూజకు ప్రవేశగీతం మొదలవుతుంది. ఫోనును స్పీకరు పెట్టెకు తగిలిస్తారు. మద్రాసు స్టూడియోలో వయొలిన్లు, తబలాలతో సిద్ధమైన పాట గుడంతా మోగుతుంది. విశ్వాసులు చేతులు కట్టుకుని నిలబడి వింటారు. పెదవి కదిపేవారు పదిమంది ఉండరు. ఇతరులను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. పాటల బృందం రాని ఒక ఆదివారం “పోనీలే, ఫోనులో పెట్టేయండి” అన్నవాడిని నేనే. ఆ రోజు పాట ఎంతో బాగుంది. గుడి మాత్రం మూగబోయింది. ముందు వరుసలో కూర్చునే ఒక ముసలమ్మ, ప్రతి ఆదివారం శ్రుతి తప్పినా గట్టిగా పాడే తల్లి, ఆ రోజు నోరు తెరవలేదు. పూజ అయ్యాక ఎందుకమ్మా అని అడిగాను. “అంత బాగా పాడుతుంటే మధ్యలో నా గొంతెందుకు బాబూ” అన్నది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

శ్రీసభ ఈ విషయాన్ని ఏనాడో గమనించింది. దైవార్చనలో విశ్వాసుల పాటకు బదులుగా గ్రామఫోను, టేపు వంటి యంత్రాలు వాడరాదని 1958లోనే రోమునుండి ఆదేశం వెలువడింది. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న దైవార్చనను గూర్చి వెలువరించిన పత్రంలో, ప్రజలు చురుకుగా పాల్గొనాలని, వారి సొంత సంగీత సంప్రదాయాన్ని గౌరవించాలని కోరింది. పునీత అగస్తీను తన ఆత్మకథలో, పాటలోని భావంకంటె పాడే గొంతే తనను ఎక్కువగా కదిలించినప్పుడు పాపం చేసినట్లే భావించానని ఒప్పుకున్నారు. అలాగని గుడిలో పాట వద్దనలేదు. మిలాను నగరపు గుడిలో విశ్వాసులు పాడుతుంటే విని ఏడ్చినవారు ఆయన.

మన పొరుగున పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారిని (1803–1890) తలచుకోండి. మన ప్రొటెస్టెంటు సోదరులు నేటికీ పాడుకునే తెలుగు కీర్తనలు ఎన్నో ఆయన రాసినవే. ఆ కాలంలో మైకు లేదు, క్యాసెట్టు లేదు. తల్లి నోటినుండి బిడ్డ నోటికి అందుతూనే ఆ కీర్తనలు నిలిచాయి.

మన తీరంలో వల లాగడం మీరు చూసే ఉంటారు. ఒకరు పాట అందుకుంటారు, మిగిలినవారంతా బదులు పలుకుతారు. ఆ పాటతోనే చేతులన్నీ ఒక్కసారి కదులుతాయి. ఒడ్డున టేప్ రికార్డరు పెట్టి అందరూ వింటూ కూర్చుంటే వల ఒడ్డుకు వస్తుందా? దివ్యపూజలో పాట కూడా అటువంటిదే. అది అందరూ కలిసి చేసే పని.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామును ఉద్దానంలో ఎవరు మరచిపోగలరు? జపమాల మాసంలో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తాతలు నాటిన కొబ్బరి చెట్లు కూలాయి, జీడితోటలు నేలమట్టమయ్యాయి. స్తంభాలు విరిగి రోజుల తరబడి కరెంటు లేదు. ఫోన్లు మూగబోయాయి. స్పీకరు పెట్టె ఉన్నా పలకదు. ఆ చీకటిలో మీ ఇంట్లో ఏ పాట వినబడింది? ఒక్కసారి గుర్తు చేసుకోండి. నోటికి వచ్చిన పాట ఉన్న ఇంట్లో ఆ రాత్రి దేవునితో మాట్లాడడానికి ఒక దారి ఉంది. పాటలన్నీ ఫోనులోనే దాచుకున్న ఇంట్లో ఆ దారి కూడా కరెంటుతోపాటే పోయింది. ఫిలిప్పీ చెరసాలలో పౌలు, సిలాసులు అర్ధరాత్రివేళ, దెబ్బలు తిన్న ఒంటితో, కాళ్లు బొండలో ఉండగా దేవుణ్ణి కీర్తించారని అపోస్తలుల కార్యములు 16వ అధ్యాయం చెబుతోంది. తోటి ఖైదీలు విన్నారు. వారికి అక్కడ తోడుగా ఉన్నది గుండెలో దాచుకున్న కీర్తన ఒక్కటే.

కనుక ప్రియ తల్లిదండ్రులారా, బాలు గారి పాటలు తప్పక వినండి. తోటకు పోతూ వినండి, జీడిపిక్కలు ఒలుస్తూ వినండి. అయితే వినడంతో ఆపకండి. వారానికి ఒక్క పాట ఇంటిల్లిపాదీ నేర్చుకోండి. సాయంకాలం జపమాల అయ్యాక ఫోను పక్కన పెట్టి, దీపం దగ్గర కూర్చుని మీ గొంతుతో పాడండి. శ్రుతి తప్పితే పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. రేపు దూర దేశంలో కూలికి వెళ్లిననాడు ఆ పాటే వారికి ఇల్లు గుర్తు చేస్తుంది.

మీ విచారణలో గొంతు దాచుకున్న ముసలమ్మ ఎవరైనా ఉంటే, వచ్చే ఆదివారం ఆమె పక్కన నిలబడి ఆమెతో కలిసి పాడండి. పరలోకమందున్న తండ్రి మన రాగాన్ని తూచడు. తన బిడ్డ గొంతు వినబడిందా లేదా అనే చెవి యొగ్గి వింటాడు.

ప్రభువు మన పెదవులను తెరచునుగాక! ఆమెన్.